త్రైరాశికము - ఔషధమాత్రానిర్ణయము

త్రైరాశికమనగానే మన ప్రాచ్యకళాశాలల విద్యార్థులకు వడ్డీలెక్కలును, ధాన్యపు బేరములును స్మరణకు వచ్చును. లీలావతి పాఠ్యముగా నున్నచోట్ల సయితము ఆ ప్రకరణమును సూత్రము, ఉదాహరణము, సమాధానము అను క్రమమున ముగించి క్షేత్రవ్యవహారమునకు సాగిపోవుట పరిపాటి. కాని ఈ సూత్రము నేటికిని అనుదినము, తప్పినచో ప్రాణహాని కలుగు తావున వినియోగింపబడుచున్నది. ఆ తావు వైద్యశాల. 1923లో ఏర్పడిన విశాఖపట్టణపు కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నేమి, మరి యే చిన్న చికిత్సాలయములో నేమి, శిశువునకు మందు నిచ్చు నర్సు సిరంజిని చేతబట్టుటకు ముందు చేయు గణనము ఆర్యభటుడు చెప్పిన గణనమే.

ఇందు గుణకార భాగహారములు స్వల్పములు. పదేండ్ల బాలుడు చేయదగినవి. కష్టమంతయు ఏ రాశిని ఏ రాశితో పోల్చుచున్నామను వివేకమునందున్నది. ఆ వివేకమునే మన గణితశాస్త్రజ్ఞులు లక్షణములో నిబంధించిరి. లక్షణమునందలి ఆ ఒక్క పదమునకు గల ప్రాణావసరమును మాత్రానిర్ణయ దృష్టాంతములతో నిరూపించుట ఈ వ్యాసమున నా యుద్దేశము. ఇందలి సంఖ్యలు గణితవివరణార్థము చూపబడినవి. చికిత్స వైద్యుని యధీనము.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున గణితపాదము త్రైరాశికమును చెప్పినది. ఫలరాశిని ఇచ్ఛారాశిచే గుణించి ప్రమాణరాశిచే భాగించినచో ఇచ్ఛాఫలము వచ్చును. 628లో బ్రహ్మగుప్తుడును, 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడును దీనికి చేర్చిన విశేషము మనకు ముఖ్యము: ప్రమాణము, ఇచ్ఛ అను రెండును సమానజాతికి చెందియుండవలెను; అవి ఆద్యంతములందును, అన్యజాతియగు ఫలము మధ్యమునను నిలుపవలెను. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున త్రైరాశికమునకు ప్రత్యేకముగా ఒక వ్యవహారమునే కేటాయించెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించుటచే మన భాషకు తొలి గణితకావ్యము లభించినది. ఐరోపీయులు ఈ సూత్రమును మెచ్చి బంగారు సూత్రమని పిలుచుకొనిరి.

లీలావతిలో త్రైరాశికమునకు మొదటి యుదాహరణము కుంకుమపువ్వును గూర్చినది. 3/7 నిష్కములకు రెండున్నర పలములు వచ్చినచో 9 నిష్కములకు ఎంత వచ్చునని ప్రశ్న. 52 పలముల 2 కర్షములని యుత్తరము. తరువాతిది కర్పూరమును గూర్చినది. రెండును పచారీకొట్టున దొరకు వస్తువులే యైనను, రెండును ఔషధద్రవ్యములే యని మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయితే భాస్కరుడచట ధరనే అడిగెను గాని మోతాదు నడుగలేదు. ఆధునికశాస్త్రమంతయు మన గ్రంథములందే కలదను వాదమునకు ఇట్టివానిని సాక్ష్యముగా తెచ్చుట నాకు సమ్మతము కాదు. సూత్రము మనది, వినియోగము విశ్వజనీనము; అంతవరకే చెప్పుట న్యాయము.

ఇక వినియోగమును పరికింతము. 10 కిలోల బరువుగల శిశువునకు జ్వరము. పారాసిటమాల్ కిలోబరువునకు 15 మిల్లీగ్రాముల చొప్పున నీయవలెనని వైద్యుడు నిర్ణయించినాడనుకొందము. 1 కిలో ప్రమాణము, 15 మి.గ్రా. ఫలము, 10 కిలోలు ఇచ్ఛ. ఇచ్ఛాఫలము 150 మి.గ్రా. ఇంతటితో మొదటి త్రైరాశికము ముగిసినది. కాని శిశువునకు మిల్లీగ్రాములను త్రాగింపలేము, మిల్లీలీటర్లనే త్రాగింతుము. కావున రెండవ త్రైరాశికమవసరము. సీసాపై 5 మి.లీ.కు 120 మి.గ్రా. అని యున్నచో 120 ప్రమాణము, 5 ఫలము, 150 ఇచ్ఛ, వచ్చునది 6.25 మి.లీ. అదే మందు 5 మి.లీ.కు 250 మి.గ్రా. గలదిగాను దొరకును, అప్పుడు 3 మి.లీ. చాలును. పసిపిల్లలకై చుక్కలుగా అమ్మునది మి.లీ.కు 100 మి.గ్రా.ది, అందు 1.5 మి.లీ. మాత్రమే తీయవలెను.

మూడు సీసాలపైనను మందు పేరొక్కటే. మొదటి సీసాకు కట్టిన లెక్కతో మూడవ సీసానుండి 6.25 మి.లీ. పోసినచో శిశువునకు చేరునది 625 మి.గ్రా.; విధించినదానికి నాలుగింతలకు మించిన మోతాదు. ఇందు గుణకారము తప్పలేదు, భాగహారము తప్పలేదు. ప్రమాణరాశియే మారిపోయినది. "క్రితంసారి ఆరు మిల్లీలీటర్లు పోయమన్నారు గదా" యని తల్లి జ్ఞాపకముంచుకొనునది ఇచ్ఛాఫలమును మాత్రమే. ప్రమాణము నెవ్వరును ఆమెకు చెప్పి యుండరు. ప్రమాణమును విడిచి ఫలమును కంఠస్థము చేయుట సూత్రమును విడిచి సమాధానమును కంఠస్థము చేయు విద్యార్థి పని వంటిదే. పరీక్షలో దాని ఫలితము కొన్ని మార్కులు. ఇచట పసిబిడ్డ కాలేయము.

విశాఖ వంటి పట్టణమున ఈ మానభేదము మరింత స్ఫుటముగా గోచరించును. ఓడరేవున బొగ్గును, ఇనుప ఖనిజమును వేల టన్నులలో తూతురు. ఉక్కు కర్మాగారమునను లెక్క టన్నులలోనే. పరవాడ ఔషధనగరిలో మందుల మూలద్రవ్యములు కిలోలలో తయారగును. కిలోకు 10 లక్షల మిల్లీగ్రాములు. ఓడరేవు తక్కెడలో పది కిలోల తేడాను ఎవరును గమనింపరు. శిశువు నోటికడ పది మిల్లీగ్రాముల తేడా ప్రశ్న యగును. దశగుణోత్తరమైన స్థానక్రమమున ఒక బిందువు జారినచో విలువ పదింతలగును. అర మిల్లీగ్రామును వ్రాయునపుడు బిందువునకు ముందు సున్న తప్పక నుంచవలెననియు, పూర్ణసంఖ్యకు పిమ్మట బిందువును సున్నను ఉంచరాదనియు నేటి వైద్యశాలల నియమము. సున్న నుంచుటయు, ఉంచకుండుటయు రెండును రక్షణకే యగుట మన శూన్యప్రియులు ఆలోచింపదగిన ముచ్చట.

మానమొక్కటి కానిచో కలుగు చిక్కు మన వైద్యగ్రంథములకు కొత్త కాదు. మన పరిశోధకులు విశేషముగా పరిశీలింపదగిన ఘట్టమిదే. శార్ఙ్గధరసంహిత పూర్వఖండము మొట్టమొదట మానపరిభాషను చెప్పి, మానము తెలియక ద్రవ్యయోగము కుదరదని హెచ్చరించి, మాగధము, కాళింగము అని రెండు మానములను వివరించి, వానిలో మాగధమే శ్రేష్ఠమన్నది. విశాఖమండలము చరిత్రలో కళింగభూమిలోనిదే. మన నేల పేరుగల మానమునకు రెండవ స్థానము దక్కినదని చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

మాగధమానమున 6 గుంజలు ఒక మాషము, 4 మాషములు ఒక శాణము, 2 శాణములు ఒక కోలము, 2 కోలములు ఒక కర్షము, 4 కర్షములు ఒక పలము. గుంజయనగా మన గురిగింజ. కావున కర్షమునకు 96, పలమునకు 384 గురిగింజలు. కాళింగమానమున 8 గుంజలు ఒక మాషము. 7 అనియు పక్షాంతరము కలదు. అచట 10 మాషములే కర్షము, 4 కర్షములు పలము. ఎనిమిది గుంజల మాషమును గ్రహించినచో కర్షమునకు 80, పలమునకు 320 గురిగింజలు.

ఇందలి సూక్ష్మమును గమనింపవలెను. కాళింగమాషము మాగధమాషముకంటె పెద్దది. వాని నిష్పత్తి 4:3. కాళింగకర్షము మాగధకర్షముకంటె చిన్నది. వాని నిష్పత్తి 5:6. పేర్లు అవియే, నిష్పత్తి మాత్రము ఒక మెట్టున హెచ్చు, మరియొక మెట్టున తగ్గు. మాషమునకు కనుగొన్న నిష్పత్తితో కర్షమును మార్చబోయిన వైద్యుడు దారి తప్పును. తాళపత్రములలో "మాషము" అని మాత్రమే యున్నచోట ఏ మానమో నిర్ణయింపక పరిష్కర్త గ్రాములలో టిప్పణి వ్రాయుట ఎంత ప్రమాదకరమో ఇందువలన తెలియును. భారత ఆయుర్వేద యోగసంగ్రహమున నేడు అంగీకృతమైన మానము చూడుడు: గుంజకు 125 మి.గ్రా., 8 గుంజల మాషమునకు 1 గ్రాము, 12 మాషముల కర్షమునకు 12 గ్రాములు. మాషము కాళింగముతో సరిపోవును. 96 గుంజల కర్షము మాగధముతో సరిపోవును. వ్యవహారసౌకర్యమునకు ఇది మేలే. కాని ఈ కొలతను ప్రాచీనగ్రంథముపై ఆరోపించునపుడు జాగరూకత కావలెను.

భాగములచే చెప్పిన యోగములకు ఈ చిక్కు లేదు. క్వాథమునకు ద్రవ్యమొక భాగము, నీరు 16 భాగములు. కాచి ఎనిమిదవ వంతు మిగుల్పవలెను. 48 గ్రాముల పలమును గ్రహించినచో 768 మి.లీ. నీరు, మిగులునది 96 మి.లీ. అదే గుంజ విలువతో కాళింగపలము 40 గ్రాములగును. అప్పుడు నీరు 640, మిగులునది 80. రెండింటను కషాయపు చిక్కదనమొక్కటే. నిష్పత్తి మానమును లెక్కచేయదు. కాని రోగి పలప్రమాణ ద్రవ్యముతో కాచినదంతయు త్రాగినచో మొదటి కషాయమున ఆరవవంతు భేదము వచ్చును. చిక్కదనము వేరు, మాత్ర వేరు. ఈ రెండింటి భేదము తెలియుటయే మాత్రాగణితమున సగము విద్య.

నేటి వైద్యమున మాగధకాళింగముల వంటి జంట యేదైన కలదా యన్నచో ఇన్సులిన్ కలదు. మన దేశమున సీసాలలో వచ్చు ఇన్సులిన్ చాలవరకు మి.లీ.కు 40 యూనిట్లది. కలములలో వాడునది మి.లీ.కు 100 యూనిట్లది. సిరంజులును ఆ రెంటికి తగినట్లు రెండు విధములు. 40కి గీతలు గీసిన సిరంజిలో 20వ గీత అర మి.లీ.ని సూచించును. అందులోనికి 100 యూనిట్ల ద్రవమును 20వ గీత వరకు తీసినచో లోపలికి వచ్చునవి 20 కావు, 50 యూనిట్లు. రోగి స్పృహ తప్పుటకు ఆ తేడా చాలును. తారుమారుగా 100కి గీసిన సిరంజిలో 40 యూనిట్ల ద్రవమును 20వ గీత వరకు తీసినచో 0.2 మి.లీ., అనగా 8 యూనిట్లు మాత్రమే. చక్కెర తగ్గదు, కారణము తెలియదు. గీతను చూచి సంఖ్యను చదివినవాడు తప్పు చదువలేదు. ఆ సంఖ్య ఏ మానమునకు చెందినదో అడుగలేదు, అంతే.

ఇచటనే వ్యస్తత్రైరాశికము ప్రవేశించును. ఇచ్ఛ పెరిగినచో ఫలము తగ్గుచోట విలోమముగా, ప్రమాణమును ఫలముచే గుణించి ఇచ్ఛచే భాగింపవలెను. ప్రాణుల వయస్సునుబట్టి వెల కట్టుట, బంగారపు వన్నె, రాశులను వేరు మానముతో కొలుచుట అనువానిని భాస్కరుడు దీనికి విషయములుగా చెప్పెను. 7 ఆఢకముల మానముతో 100 మానములైన ధాన్యరాశి 5 ఆఢకముల మానముతో ఎంతయగునన్న ప్రశ్నకు 140 అని యుత్తరము. చిన్న మానమైనచో ఎక్కువ మార్లు కొలువవలెను. ఇన్సులిన్ లెక్కయు ఇదియే: 40 బలముగల ద్రవము అర మి.లీ. పట్టుచోట 100 బలముగల ద్రవము ఎంత పట్టును? 40ని అరచే గుణించిన 20. 100చే భాగించిన 0.2 మి.లీ. దీనిని అనులోమముగా కట్టినచో 1.25 మి.లీ. వచ్చును; 20కి బదులు 125 యూనిట్లు పోవును. గణనమునకు ముందు "బలము హెచ్చినచో ద్రవము హెచ్చునా, తగ్గునా" యని ఒక్క క్షణము తలంచువానికి ఈ ప్రమాదము రాదు. మన పాఠములలో వ్యస్తత్రైరాశికమునకు పనివాండ్ర లెక్కకు తోడుగా దీనిని చేర్చుట మేలని నా యభిప్రాయము.

రాశులు మూడుకంటె హెచ్చినపుడు పంచరాశికాదులు వచ్చును. సిరకు ఎక్కించు సెలైను ఇందుకు ఉదాహరణము. 500 మి.లీ. ద్రవము 4 గంటలలో పోవలెను, గొట్టము మి.లీ.కు 20 చుక్కలు విడుచునది. 10,000 చుక్కలను 240 నిమిషములకు పంచగా నిమిషమునకు ఇంచుమించు 42 చుక్కలు. పసిపిల్లలకు వాడు సూక్ష్మగొట్టము మి.లీ.కు 60 చుక్కలది. దానితో నిమిషమునకు 125. మరల రెండు మానములు!

కాలమును ఒక రాశియే యని మరచుట మరియొక ప్రమాదము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మార్గదర్శకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన ఔషధములలో మెథోట్రెక్సేట్ ఒకటి. కీళ్లవాతమునకు దీనిని స్వల్పమాత్రలో వారమునకు ఒక్కమారు ఇత్తురు. వారమునకు విధించిన మాత్రను దినమునకని భ్రమించి మ్రింగి మరణించినవారి వృత్తాంతములు అనేక దేశముల వైద్యపత్రికలలో నమోదైనవి. మిల్లీగ్రాములు సరియే, బిళ్లలు సరియే; "వారము" అను ప్రమాణము "దినము"గా మారినది. ఏడింతలైనది.

ఇంతవరకు రాశుల సాజాత్యమును గూర్చి చెప్పితిని. మరియొక ప్రశ్న మిగిలియున్నది. సజాతీయములైనంత మాత్రమున అనుపాతము ఎల్లయెడల చెల్లునా? చెల్లదని శార్ఙ్గధరుడే చూపినాడు. శిశువునకు తొలినెలలో ఔషధము ఒక గుంజ. సంవత్సరము నిండువరకు నెలకొక గుంజ చొప్పున వృద్ధి. ఆపై పదునారేండ్ల వరకు ఏటికొక మాషము వృద్ధి. అటుపిమ్మట డెబ్బదియేండ్ల వరకు స్థిరము. తరువాత బాలునకువలె క్రమముగా తగ్గింపు. దీనిని అంకెలలో పెట్టి చూడుడు. ఏడాది బిడ్డకు 12 గుంజలు. శుద్ధత్రైరాశికము ప్రకారము అయిదేండ్ల వానికి 60 గుంజలు రావలెను. యథాశ్రుతముగా మాగధమాషమును గ్రహించినచో 12కు నాలుగేండ్ల వృద్ధి 24 చేర్చగా 36 మాత్రమే. మొదటి యేట 12 గుంజలుగా నున్న వృద్ధి, తరువాత ఏటికి 6 గుంజలకు, అనగా సగమునకు తగ్గినది. పుట్టిన బిడ్డ బరువు మొదటి యేడాదిలో ఇంచుమించు మూడింతలై, ఆపై పెరుగుదల నెమ్మదించుట మనమెరిగినదే. గ్రంథకర్త మనసులోని హేతువు ఇదియే యని నేననజాలను. ఆయన గీచిన రేఖ వంగినదని మాత్రము అనగలను. కాళింగమాషమును గ్రహించినచో 44 వచ్చునని కూడ గుర్తింపవలెను. కాలము, అగ్ని, వయస్సు, బలము, ప్రకృతి, దోషము, దేశము వీనిని పరికించి మాత్రను నిర్ణయింపవలెనేగాని మాత్రకు స్థిరమైన వ్యవస్థ లేదని గ్రంథకారుడు చెప్పుటయు ఈ దృష్టితోనే.

పాశ్చాత్యులును ఈ వంపును గుర్తించిరి. వయస్సును, వయస్సునకు 12 చేర్చగా వచ్చిన సంఖ్యచే భాగించి వయోజనుని మాత్రలో భాగము కట్టు యంగ్ పద్ధతి యొకటి పూర్వముండెను. దాని ప్రకారము నాలుగేండ్ల వానికి పావువంతు. ఎనిమిదేండ్ల వానికి అరవంతు కాదు, అయిదింట రెండు వంతులు. నేడు కొన్ని తీవ్రౌషధములకు దేహపు ఉపరితల వైశాల్యమును ఆధారము చేసికొందురు. 1987లో మోస్టెల్లర్ చెప్పిన సూత్రము సులభమైనది: ఎత్తును సెంటీమీటర్లలోను, బరువును కిలోలలోను తీసికొని, గుణించి, 3600చే భాగించి వర్గమూలము గ్రహింపవలెను. 100 సెం.మీ., 16 కిలోల బాలునకు 0.67 చదరపు మీటర్లు, 160 సెం.మీ., 64 కిలోల పెద్దవానికి 1.69. బరువు ననుసరించి బాలుడు పెద్దవానిలో నాలుగవవంతు. వైశాల్యము ననుసరించి ఇంచుమించు అయిదింట రెండు వంతులు. పెద్దవాని మాత్ర 100 మి.గ్రా. అయినచో ఒక లెక్కకు 25, మరియొక లెక్కకు 40. రెండును త్రైరాశికములే. ఏ రాశిని ప్రమాణముగా గ్రహింపవలెనో గణితము చెప్పదు, ఔషధస్వభావము చెప్పవలెను.

అనుపాతము అకస్మాత్తుగా తెగిపోవు తావును ఒకటి మన పరిభాషలో కలదు. గుంజ మొదలు కుడవము వరకు ద్రవ, ఆర్ద్ర, శుష్కద్రవ్యములకు మానము సమానము. ప్రస్థము మొదలుకొని ద్రవమునకును ఆర్ద్రద్రవ్యమునకును రెట్టింపు. తులకు మాత్రము ఈ రెట్టింపు లేదు. తైలపాకములను చిన్నపాత్రనుండి పెద్దపాత్రకు పెంచునపుడు ఈ నియమము తెలియనివాని త్రైరాశికము నిష్ఫలము. తరగతిలో నియ్యదగిన ప్రశ్న యొకటి: కుడవము 4 పలములు, ప్రస్థము 16 పలములు, పలము 48 గ్రాములు, ఒక యోగమున చెప్పిన కుడవప్రమాణ ద్రవము నేటి కొలతలో 192 గ్రాములైనచో, వేరొక యోగమున చెప్పిన ప్రస్థప్రమాణ ద్రవ మెంత? 768 అని వ్రాసిన విద్యార్థికి గణితము వచ్చును. 1536 అని వ్రాసినవాడు గ్రంథమును చదివినాడు.